అలసిన కాళ్ళ గురించి రాయి

అమ్మాయ్,

నీ వ్యాసం చదివాను. చిరాకొచ్చి మధ్యలో పక్కన పెట్టేశాను, మళ్ళీ తీసి చివరిదాకా చదివాను.

స్పెయిన్‌లో యాత్రికులు నడిచి చేరే ఊరు సాంతియాగో దె కంపోస్తెలా వెళ్ళి, ఓబ్రదోయిరో స్క్వేర్‌లో కెథెడ్రల్ పక్కనే ఉన్న ఆ పాత రాచ హోటల్లో దిగి, పేజీల కొద్దీ ఏం రాశావు? మంచం ఎంత మెత్తగా ఉంది, బ్రేక్‌ఫాస్ట్‌లో ఎన్ని రకాల చీజ్ పెట్టారు, బాత్రూంలో పాలరాయి ఏ రంగు. పైగా "కాలం ఆగిపోయినట్టుంది", "మాటల్లో చెప్పలేను". చెప్పలేనిదాన్ని చెప్పడానికే కదమ్మా రాయడానికి కూర్చునేది?

అలా విసుగ్గా చదువుతుంటే ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. పొద్దున్నే కిటికీలోంచి చూస్తే కింద రాతి నేల మీద ఒకావిడ బూట్లు విప్పేసి, బొబ్బలెక్కిన పాదాలు చాపుకుని, కెథెడ్రల్ వైపు చూస్తూ ఏడుస్తోందని రాశావు. వెంటనే కాఫీకి వెళ్ళిపోయావు. నాకు గుండె కలుక్కుమంది. ఈ ఉత్తరం ఆ వాక్యం వల్లే రాస్తున్నాను.

నువ్వు పడుకున్న ఆ కట్టడం ఆవిడ కోసం కట్టింది. స్పెయిన్ రాజు ఫెర్నాండో, రాణి ఇసబెల్లా 1486లో ఆ ఊరు వచ్చారు. ఏసు శిష్యుడు యాకోబు సమాధి చూడాలని నెలల తరబడి నడిచి వచ్చినవాళ్ళకి, రోగంతో వచ్చినవాళ్ళకి తల దాచుకోవడానికి సరైన చోటు లేదు. 1499లో ఆస్పత్రి కట్టమని ఆజ్ఞ ఇచ్చారు, 1501లో ఎన్రికె ఎగాస్ అనే వాస్తుశిల్పి పని మొదలుపెట్టాడు. మన మాటలో చెప్పాలంటే సత్రమూ ఆస్పత్రీ కలిసిన చోటు. మత్తయి, మార్కు, లూకా, యోహాను పేర్లతో నాలుగు ముంగిళ్ళు, మధ్యలో ప్రార్థనాలయం. 1953 దాకా అక్కడ రోగులు ఉన్నారు. 1954లో జూలై 25, యాకోబు పండగ, ఆదివారం పడింది కాబట్టి అది వాళ్ళకి పవిత్ర సంవత్సరం. ఆ ఏడాదికి దాన్ని హడావిడిగా హోటల్‌గా మార్చేశారు. నీ మంచం ఉన్న చోట ఎంతమంది జ్వరంతో మూలిగి ఉంటారో ఒక్కసారైనా అనిపించలేదా?

గుమ్మం ముందు రాతి స్తంభాల మధ్య వేలాడే ఇనుప గొలుసు పట్టుకుని ఫోటో దిగావు, అది నాకు పంపావు కూడా. ఆ గొలుసు అలంకారం కాదు. ఆస్పత్రి అధికారం ఎక్కడిదాకో చెప్పే సరిహద్దు అది. దానికి ఇవతల ఊరి పెద్దల మాట చెల్లేది కాదు. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే నీ వ్యాసం ఆ గొలుసు దగ్గర మొదలయ్యేది.

నా మొండి నమ్మకం ఒకటుంది, అందరితోనూ దీని గురించే పోట్లాడుతుంటాను. యాత్ర గురించి రాసేవాడు ముందు ఆ చోటు ఎవరి కోసం పుట్టిందో ఆ మనిషిని వెతకాలి, తన గది గురించి ఆ తర్వాతే. కెథెడ్రల్‌లో ఆ భారీ ధూపపాత్రని ఎనిమిది మంది తాళ్ళు లాగి ఊపుతారని అందరూ రాస్తారు, నువ్వూ రాశావు, సరే. కానీ ఇప్పటికీ రోజూ మొదట చేరిన పదిమంది యాత్రికులకి ఆ హోటల్లో ఉచితంగా ఒక పూట భోజనం పెడతారు. ఆ పదిమందిలో ఒకరితోనైనా మాట్లాడావా? నేను వెళ్ళినప్పుడు ఆ హోటల్ నా స్తోమతకి మించింది. రువా దొ విలార్‌లో ఒక చిన్న గదిలో ఉండి, రోజంతా కెథెడ్రల్ పక్క కమాను కింద నిలబడేవాణ్ణి. అక్కడ ఎవరో ఒకరు గైతా, అంటే ఆ ప్రాంతపు తిత్తి వాద్యం, వాయిస్తుంటారు, నడిచొచ్చేవాళ్ళు మెట్లు దిగి ఆ కమాను దాటగానే స్క్వేర్‌లోకి వస్తారు. ఏడెనిమిది వందల కిలోమీటర్లు నడిచొచ్చిన మనిషి ముఖం ఆ క్షణంలో ఎలా మారుతుందో చూడటానికే నిలబడేవాణ్ణి. వాన పడుతున్నా కదల్లేదు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. దాని గురించి మాట్లాడితే నాకు పాత కోపాలన్నీ లేస్తాయి. కాశీలో ఒక తెలుగు సత్రం గురించి, అక్కడ ముప్ఫై ఏళ్ళు గరిట తిప్పిన వంటాయన గురించి రాసి, తిరుగు టపాకి స్టాంపులు కూడా పెట్టి ఒక వారపత్రికకి పంపాను. ఆ సంపాదకుడు నెలల తరబడి దగ్గర పెట్టుకుని, వంటాయన్ని మొత్తం కోసేసి, రైలు వేళలూ గది అద్దెలూ చేర్చి వేశాడు. నా పేరు కింద వచ్చింది, నాది కాని వ్యాసం! పత్రిక కొని చూపిస్తే మా అమ్మ, "ఆ వంటాయన ఏడిరా?" అంది. ఇప్పటి "తప్పక చూడాల్సిన పది చోట్లు" కూడా అదే జబ్బు. చూసిన చోట్లు లెక్కపెట్టుకోవడమే తప్ప ఎక్కడా ఎవరూ ఆగరు.

నీ వాక్యం తేలిగ్గా నడుస్తుంది, చదివిస్తుంది. అది నిజం. ఆ కాఫీ పేరా కొట్టేసి ఆవిడతో మొదలుపెట్టి మళ్ళీ రాసి పంపు. ఆవిడతో మాట్లాడకపోతే మాట్లాడినట్టు కల్పించకు, చూసినంతే రాయి.

వచ్చే ఏడు స్పెయిన్‌లోనే లియోన్ అనే ఊళ్ళో సాన్ మార్కోస్ హోటల్ బుక్ చేశానన్నావు. అదీ ఒకప్పుడు యాత్రికుల చోటే. కవి కెవెదోని 1639 నుంచి 1643 దాకా అక్కడే బంధించారు. స్పెయిన్ అంతర్యుద్ధం మొదలయ్యాక, 1936 నుంచి 1940 దాకా, వేలమంది ఖైదీలని ఆ గోడల మధ్యే కుక్కారు. ముందు వాళ్ళ గురించి దొరికినంత చదువుకుని బయల్దేరు. గది ఎలా ఉందో నాకు రాయక్కర్లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు