చదువు–కొలువు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పది ఫలితాలు, ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో ఈ శీర్షికకు ఉత్తరాలు కట్టలు కట్టలుగా వస్తాయి. చాలా ఉత్తరాలు ఒకేలా ఉండటంతో వాటిలో కొన్నిటిని ఇక్కడ విప్పుతున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి పది పాసైంది. లెక్కలు బాగా చేస్తుంది. పాలిటెక్నిక్‌లో వేస్తే తర్వాత బీటెక్ వెనకబడిపోతుందని బంధువులు అంటున్నారు. నిజమేనా? – ఒక తండ్రి, సూర్యాపేట

ముందు సంవత్సరాలు లెక్కపెట్టండి. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు కలిపి ఆరు. డిప్లొమా మూడేళ్లు, ఆపైన డిప్లొమావారికి ఉండే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏట చేరితే ఇంకో మూడేళ్లు, అదీ ఆరే. కాలం ఎక్కడా పోదు. తేడా అల్లా మూడో ఏట చేతిలో ఏముంటుందన్నది. డిప్లొమా పిల్లకు అప్పటికే ఉద్యోగానికి పనికొచ్చే పట్టా ఉంటుంది. రైల్వేలోనూ ఇంకా అనేక సంస్థల్లోనూ జూనియర్ ఇంజినీర్ పోస్టులకు అడిగే కనీస చదువు అదే. ఇంటర్ చదివి బీటెక్ మొదటి ఏడు ముగించిన పిల్లకు అదే సమయానికి ఉండేది ఇంటర్ మెమో.

ఖర్చు సంగతీ చూడండి. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ట్యూషన్ ఫీజు ఏడాదికి ఐదు వేలకు మించదు. ఇంటర్ కార్పొరేట్ కాలేజీ హాస్టల్ ఫీజుతో పోల్చి చూస్తే ఆ తేడా మీకే తెలుస్తుంది. పాలిటెక్నిక్ ప్రవేశానికి రాసే పాలిసెట్ 120 మార్కుల పరీక్ష, సిలబస్ పదో తరగతిదే. లెక్కలు బాగా వచ్చే పిల్లకు అదొక అనుకూలత.

ఇక ఇబ్బందులు. ఒకటి, ఈసెట్ సీట్లు తక్కువ. ఇలా నేరుగా రెండో ఏట చేరడానికి (లేటరల్ ఎంట్రీకి) మంజూరైన సీట్లలో 10 శాతం అదనంగా ఇస్తారు, అంటే 60 సీట్ల బ్రాంచిలో ఆరు. పేరున్న కాలేజీలో ఆ ఆరింటికీ పోటీ గట్టిగా ఉంటుంది. ఈసెట్ 200 మార్కుల్లో సగం, అంటే 100, బ్రాంచి సబ్జెక్టుకే. లెక్కలకు 50, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరో 25. క్వాలిఫై కావడానికి 25 శాతం చాలు గానీ, మంచి సీటుకు ఆ మార్కులు ఎందుకూ కొరగావు. రెండు, బీటెక్ రెండో ఏట క్లాసులో కూర్చునేసరికి మిగతావాళ్లు మొదటి ఏట చేసిన లెక్కలు, ప్రోగ్రామింగ్ మీ అమ్మాయికి కొత్త. డిప్లొమా ఆఖరి సెమిస్టర్ అయిపోయిన వెంటనే ఉండే వేసవిలోనే అవి నేర్చుకోవాలి. చాలామంది బీటెక్ మూడో సెమిస్టర్‌లో బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) తెచ్చుకునేది ఇక్కడే. మూడు, ఐఐటీ, ఎన్ఐటీ ఆశ ఉంటే ఈ దారి వద్దు. అక్కడికి ఇంటర్ ఎంపీసీ దారే సూటి.

ఇంకో మాట. డిప్లొమాలో పారిశ్రామిక శిక్షణ ఉంటుంది. పిల్లలు ఊళ్లో తెలిసిన షెడ్డు నుంచి సంతకం తెచ్చుకుని ఆ నెలలు ఇంట్లో గడిపేస్తుంటారు. ఉద్యోగానికి పిలిచినవాళ్లు మొదట అడిగేది ఆ నెలల గురించే. ఎక్కడ చేసింది, ఏ మెషిన్ మీద, రోజూ ఏం రాసుకుంది అని అడుగుతారు.

ప్రశ్న: మా లెక్చరర్ అమెరికా లెక్కల పట్టిక చూపించారు. చదువు పెరిగేకొద్దీ జీతం పెరుగుతుంది, నిరుద్యోగం తగ్గుతుంది. మా ఊళ్లో డిగ్రీ చదివినవాళ్లే ఖాళీగా ఉన్నారు. ఏది నమ్మాలి? – డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

రెండూ నిజమే. మీ లెక్చరర్ చూపింది అమెరికా కార్మిక గణాంకాల సంస్థ పట్టిక అయి ఉంటుంది. 2023లో అక్కడ పాతికేళ్లు దాటినవారిలో హైస్కూలు పూర్తి చేయనివారి వారపు మధ్యస్థ సంపాదన (అందరినీ సంపాదన వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్నవారిది) 708 డాలర్లు, నిరుద్యోగం 5.6 శాతం. హైస్కూలుతో ఆగినవారికి 899 డాలర్లు, 3.9 శాతం. బ్యాచిలర్ డిగ్రీ ఉన్నవారికి 1,493 డాలర్లు, 2.2 శాతం. మన దేశం లెక్క తలకిందులు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో తెచ్చిన నివేదిక ప్రకారం 2022లో యువ పట్టభద్రుల్లో నిరుద్యోగం 29.1 శాతం, చదవడం రాయడం రానివారిలో 3.4 శాతం.

ఇది చూసి చదువు దండగ అనుకుంటే పొరపాటు. మొదటిది, వయసులు వేరు. అమెరికా పట్టికలో ఉన్నది పాతికేళ్లు దాటినవారు, అంటే చదువు ముగించి స్థిరపడినవారు. మన 29 శాతం యువతది, ఉద్యోగ వేటలో ఉండే వయసు. రెండోది, మన సర్వేల్లో పని ఉన్నట్టు రాసుకోవడానికి పెద్ద అర్హత అక్కర్లేదు. ఇంట్లో గేదెలు చూసుకుంటూ జీతం లేకుండా సాయపడేవారూ పనివారే. గడిచిన ఏడాదిలో 30 రోజులు పనికెళ్లినవారినీ ఒక పద్ధతి లెక్కలో పనివారిగానే చూస్తారు. చదువురాని పేదవాడికి ఖాళీగా కూర్చునే స్తోమత లేదు, దొరికిన కూలికి పోతాడు. డిగ్రీ చదివిన కుర్రాడు అమ్మానాన్నల ఆసరాతో అవనిగడ్డలో డీఎస్సీకో, అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కో ఏళ్ల తరబడి చదువుతాడు. పనికోసం చూస్తున్నానంటే నిరుద్యోగి, చదువుకుంటున్నానంటే అసలు శ్రామికుల లెక్కలోకే రాడు. అందుకే ఈ శాతం ఎదురుచూసే స్తోమతను కూడా కొలుస్తుంది.

మూడోది, సంపాదన వేరు, పని దొరకడం వేరు. పని దొరికాక డిగ్రీవారికి జీతం ఎక్కువే. కాకపోతే ఆ తేడా అంతా పట్టా ఇచ్చిందని అనుకోవద్దు. కాలేజీకి వెళ్లేవారిలో చాలామంది ముందే కాస్త ఉన్న ఇళ్లవారు, ఇంగ్లిషు, పరిచయాలు ఉన్నవారు. వాళ్లు కాలేజీకి వెళ్లకపోయినా కొంత ముందే ఉండేవారు.

పట్టా ఉన్నవారు ఎక్కువైతే దాని విలువ తగ్గదా అని కొందరు అడుగుతారు. కొంత తగ్గుతుంది. ఉన్నత విద్యలో ప్రవేశ నిష్పత్తి, అంటే కాలేజీ వయసువారు నూరుమందికి ఎందరు చేరారన్న లెక్క, 2021–22 సర్వేలో దేశానికి 28.4, ఆంధ్రప్రదేశ్‌కు 36.5, తెలంగాణకు 40. అంటే మన రాష్ట్రాల్లో కాలేజీ గడప దాటడం దేశం కన్నా సులువైంది. గడప దాటగానే ఉద్యోగం వస్తుందన్న భరోసా అదే కారణంగా పలచబడింది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ఈ పట్టికల కన్నా ఆ కాలేజీ లెక్క మీకు ముఖ్యం. ప్లేస్‌మెంట్ 75 శాతం అన్నారంటే దేంట్లో 75 అని అడగండి. ఫైనలియర్‌లో 120 మంది ఉంటే, బ్యాక్‌లాగ్‌లు లేని 60 మందినే నమోదు చేసి, 30 మందికి వచ్చిన 45 ఆఫర్లను చూపిస్తే 75 శాతం అవుతుంది. అసలు ఉద్యోగం వచ్చింది 120లో 30 మందికి, 25 శాతం. అత్యధిక ప్యాకేజీ ఎంతో అడగడం మానేసి మధ్యస్థ ప్యాకేజీ అడగండి. చెప్పడానికి నీళ్లు నమిలితే జవాబు దొరికినట్టే.

ప్రశ్న: మావాడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేస్తానంటున్నాడు. బీటెక్ చదివితే కరెంటు శాఖలో అన్ని పోస్టులకూ పనికొస్తుంది కదా? – ఒక తల్లి, నల్గొండ

పనికిరాదమ్మా. తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల నోటిఫికేషన్లలో జూనియర్ లైన్‌మన్‌కు అడిగేది పదితోపాటు ఎలక్ట్రికల్ ఐటీఐ, లేదా ఎలక్ట్రికల్‌లో ఇంటర్ వొకేషనల్. సబ్ ఇంజినీర్‌కు డిప్లొమా, అసిస్టెంట్ ఇంజినీర్‌కు బీటెక్. పై చదువు ప్రతి కింది పోస్టుకూ తాళంచెవి కాదు, ఐటీఐ గానీ ఆ వొకేషనల్ గానీ లేనివాడు లైన్‌మన్‌కు అనర్హుడే. పైగా ఆ పోస్టుకు స్తంభం ఎక్కే పరీక్ష కూడా ఉంటుంది. రాతపరీక్ష బాగా రాసినవాళ్లు అక్కడే ఆగిపోతుంటారు. ముందు నుంచే అలవాటు చేసుకోవాలి.

ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు, వెల్డర్ ఏడాది. చేర్చేముందు ఆ ట్రేడ్‌కు ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) అనుబంధం ఉందో లేదో పోర్టల్‌లో చూడండి. సంస్థకు ఉండి ఆ ట్రేడ్‌కు లేకపోవచ్చు. ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌షిప్ వదలకూడదు. 2019 నిబంధనల ప్రకారం నెలకు కనీస స్టైపెండ్ ఐటీఐవారికి 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000 రూపాయలు. చేరేటప్పుడు అమల్లో ఉన్న రేటు అడగండి. రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిస్ పూర్తిచేసినవారికి కింది స్థాయి (లెవెల్–1) నియామకాల్లో 20 శాతం కోటా ఉంది, అందుకే ఆ సీట్లకు గిరాకీ. మావాడు ఐటీఐతో ఆగిపోతాడేమో అన్న దిగులు అక్కర్లేదు. రెండేళ్ల ట్రేడ్, బ్రిడ్జి కోర్సు చేసినవారికి డిప్లొమా రెండో ఏట చేరే దారి తెలంగాణలో ఉంది.

ప్రశ్న: బీటెక్‌లో ఆరు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. దరఖాస్తులో చదువు దగ్గర బీటెక్ అని రాయవచ్చా? – వరంగల్ పాఠకుడు

రాయకూడదు. పూర్తికాని బీటెక్ ఉన్నంతకాలం మీ అర్హత ఇంటరే. నాలుగేళ్ల ఫీజు కట్టినా ఉద్యోగాలు భర్తీ చేసే కమిషన్ దృష్టిలో తేడా లేదు. నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీ నాటికి పాసై ఉండాలి. ఆ తర్వాత వచ్చిన ఫలితంతో ధ్రువపత్రాల పరిశీలనకు వెళితే అక్కడే తీసేస్తారు.

మీ రెగ్యులేషన్‌లో (మీ బ్యాచ్‌కు యూనివర్సిటీ పెట్టిన నియమావళిలో) కోర్సు ముగించడానికి గరిష్ఠ గడువు చూసుకోండి. జేఎన్టీయూహెచ్ ఆర్18 లాంటి వాటిలో నాలుగేళ్ల కోర్సుకు ఎనిమిదేళ్లు. మీ రెగ్యులేషన్‌లో ఆ సబ్జెక్టు ఇప్పుడు లేకపోతే ప్రత్యామ్నాయ సబ్జెక్టు ఏదో కాలేజీ పరీక్షల విభాగంలో రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట మీద సప్లిమెంటరీ ఫీజు కట్టవద్దు. ఆరూ ఒకేసారి రాయకుండా, ఒక సబ్జెక్టు ఇంకోదానికి పునాది అయితే కిందిది ముందు తీయండి. ఈలోగా కానిస్టేబుల్, ఎస్‌ఎస్‌సీ సీహెచ్‌ఎస్‌ఎల్ (కేంద్ర కార్యాలయాల గుమాస్తా పోస్టుల పరీక్ష) లాంటి ఇంటర్ స్థాయి పరీక్షలు మీకు తెరిచే ఉన్నాయి. బ్యాంకు క్లర్క్, గ్రూప్–2లకు మాత్రం డిగ్రీ చేతిలో ఉండాలి.

ప్రశ్న: కన్వీనర్ కోటాలో కోరుకున్న బ్రాంచి రాలేదు. మేనేజ్‌మెంట్ సీటుకు బ్యాంకు అప్పు చేయవచ్చా? – విజయవాడ

మేనేజ్‌మెంట్ కోటాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఇది తెలియక చేరి, రెండో ఏట ఫీజు కట్టలేక మానేసినవారున్నారు. లెక్క వేసుకోండి: ఏడాదికి 1.25 లక్షల చొప్పున 5 లక్షల అప్పు, వడ్డీ 10 శాతం. చదువు నాలుగేళ్లు, తర్వాత ఒక ఏడాది వాయిదా. ఆ ఐదేళ్లలో బారువడ్డీయే 1.75 లక్షలు అవుతుంది. అసలు, వడ్డీ కలిపి 6.75 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 8,920 రూపాయలు. చదువుకునే రోజుల్లోనే వడ్డీ కట్టుకుంటూ పోతే కిస్తీ సుమారు 6,608కి దిగుతుంది. ఆ కాలేజీలో ఆ బ్రాంచి పిల్లల మధ్యస్థ జీతం నెలకు 20 వేలు అయితే, హైదరాబాద్ హాస్టల్, తిండి పోను ఆ కిస్తీ కట్టడం కష్టమే. మా అభిప్రాయం అడిగితే, కంప్యూటర్స్ కోసం బలహీనమైన కాలేజీలో అప్పు మీద చేరడం కన్నా, మంచి కాలేజీలో కన్వీనర్ కోటా ఎలక్ట్రానిక్సో, ఎలక్ట్రికలో మేలు. ఆంధ్రలో ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కుల వెయిటేజి 25 శాతం ఉందని, తెలంగాణలో అది ఎత్తేశారని గుర్తుంచుకోండి. మళ్లీ రాయాలనుకునేవారికి అది పనికొచ్చే సంగతి.

ప్రశ్న: వయసు 34. తొమ్మిదితో ఆపేశాను. ఇప్పుడు పది, ఇంటర్ రాయవచ్చా? – ఒక గృహిణి, కర్నూలు

రాయవచ్చమ్మా. సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) ద్వారా పదికి కనీస వయసు 14, గరిష్ఠ పరిమితి లేదు. అయిదు సబ్జెక్టులు. దగ్గర్లోని ఉన్నత పాఠశాల స్టడీ సెంటర్‌లో ప్రవేశాల సమయం కనుక్కోండి. పాత స్కూల్ రికార్డు ఉంటే తప్పకుండా జత చేయండి. పుట్టిన తేదీ, పేరు ఆధార్‌తో కలవకపోతే పది మెమో వచ్చాక సరిచేయించడం పెద్ద తలనొప్పి. పదికీ ఇంటర్‌కీ మధ్య వ్యవధి నిబంధన ఉంటుంది, అదీ అక్కడే అడగండి. ఒకప్పుడు అర్హత పరీక్ష రాసి ఇంటర్ లేకుండానే ఓపెన్ డిగ్రీలో చేరినవారు ఉద్యోగ దరఖాస్తుల్లో ఇబ్బందిపడ్డారు, అందుకే పది, ఇంటర్, డిగ్రీ వరుస తప్పకండి. ‘ఒకే సిట్టింగ్‌లో పది, ఇంటర్, డిగ్రీ’ అని గోడల మీద కనిపించే ప్రకటనలకు డబ్బు ఇవ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అంతకన్నా ఇవ్వకండి.