టీపీఎం లేదంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. అయినా విండోస్ 11 పెట్టబోతే టీపీఎం 2.0 లేదంటోంది. కొత్తది కొనాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదండీ. టీపీఎం, అంటే రహస్య కీలను భద్రంగా దాచే ఏర్పాటు, మీ కంప్యూటర్‌లోనే ఉంది. చాలా మదర్‌బోర్డుల్లో దాన్ని ఆపేసి ఉంచుతారు. కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కుతూ బయోస్‌ (కంప్యూటర్ ప్రాథమిక సెట్టింగ్‌లు)లోకి వెళ్లి ‘ఇంటెల్ పీటీటీ’ని ఎనేబుల్ చేయండి. ఇంటెల్ తన టీపీఎంకు పెట్టుకున్న పేరే అది.

అంతకంటే ముందు డేటా బ్యాకప్ తీసుకోండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. బయోస్ సెట్టింగ్ మార్చాక ఆ కీ అడగొచ్చు, అది లేకపోతే ఫైళ్లు తెరుచుకోవు.

విండోస్ 11కు యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి కూడా కావాలి. మీ డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటే, బయోస్‌లో యూఈఎఫ్ఐకి మార్చగానే విండోస్ లోడ్ అవదు. కాబట్టి ముందే విండోస్‌లోని ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో దాన్ని జీపీటీ అనే కొత్త విభజన పద్ధతికి మార్చాలి.

విండోస్ 10కు మామూలు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. బ్యాంకు పనులు చేసే కంప్యూటరైతే ఆలస్యం చేయకండి.