సింగపూర్‌లో ఇద్దరికే 250 డాలర్ల కరెంటు బిల్లా?

ఇద్దరే ఉంటూ నెలకు 250 డాలర్ల కరెంటు బిల్లు అంటున్నారు కదండీ, మీటర్‌ని అనుమానించే ముందు ఏసీ చూడండి. ఇక్కడ యూనిట్ సుమారు 30 సెంట్లు. కిలోవాట్ కరెంటు, అంటే గంటకు ఒక యూనిట్, తీసుకునే ఏసీ 10 గంటలు ఆగకుండా తిరిగితే రోజుకు 3 డాలర్లు, నెలకు 90. రెండు గదుల్లో వేస్తే ఇక చెప్పేదేముంది! మేం 26లో పెట్టి ఫ్యాన్ కూడా వేసుకుంటాం. ఫిల్టర్ ఎప్పుడైనా కడిగారా? మాది మొదటిసారి తీస్తే దుమ్ము దుప్పటిలా ఊడొచ్చింది. గీజర్ స్విచ్ రోజంతా వేసి ఉంచకండి (ఆ విషయంలో మా ఆవిడతో తిట్లు తిన్నాను).

ఇక తిండి ఖర్చు సంగతి. కూరగాయలకు పొద్దున్నే లిటిల్ ఇండియాలోని టెక్కా మార్కెట్‌కి వెళ్లండి, ములక్కాడలు, కరివేపాకు తాజాగా దొరుకుతాయి. బయట తినాలనిపిస్తే హాకర్ సెంటరే (చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండేది) మేలు. రెస్టారెంట్లలో చాలావాటిలో మెనూ ధర మీద 10 శాతం సర్వీస్ చార్జి, ఆపైన 9 శాతం జీఎస్టీ పడతాయి.