టెక్ సందేహాలు: పైసల తోక కత్తిరించేదెలా?

ఈ వారం ఎక్సెల్‌లో రూపాయల లెక్క గురించే మూడు ప్రశ్నలు వచ్చాయి. మూడూ ఒకచోటే చూద్దాం. ఫంక్షన్ల పేర్లు, సెల్ పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మీ షీట్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలతోనే టైప్ చేయండి.

ప్రశ్న: ఆదోనిలో పత్తి కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. లారీ బాడుగ 10,000 రూపాయలు ముగ్గురు రైతులకు సమంగా పంచి, ఎవరి వంతు వాళ్ల సరుకు డబ్బులోంచి తీసేసి, మిగిలింది ఎంతో వాట్సాప్‌లో పంపుతాం. సెల్‌లో 43,477.12 అని చక్కగా ఉంది. దాన్ని 'మీకు రావలసింది రూ.' అనే మాటకు కలిపితే 43477.1166666667 అయిపోతోంది. టెక్స్ట్ ఫార్ములా పెడితే ఆ తోక పోయింది గానీ, కింద మొత్తం సున్నా చూపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: మీ షీట్ తప్పేమీ చేయలేదండీ. మీరు పంపిన లెక్కే తీసుకుందాం. 6.47 క్వింటాళ్లు, క్వింటా 7,235 చొప్పున 46,810.45. అందులోంచి బాడుగ వంతు 3,333.333... పోతే 43,477.11666... సెల్‌కు రెండు దశాంశాల ఫార్మాట్ పెట్టారు కాబట్టి కంటికి .12 అని కనబడుతోంది, లోపల సంఖ్య ఏమీ మారలేదు. & గుర్తుతో మాటకు అతికించినప్పుడు ఎక్సెల్ ఆ ఫార్మాట్‌ను పట్టించుకోదు. లోపలున్నదాన్ని 15 అంకెల దాకా బయట పెట్టేస్తుంది.

మెసేజ్ కోసం వేరే కాలమ్ తీసుకుని, మిగిలిన డబ్బు ఇ2 సెల్‌లో ఉందనుకుంటే, ఇలా రాయండి:

="మీకు రావలసింది రూ. "&టెక్స్ట్(రౌండ్(ఇ2,2),"#,##0.00")

ఇక ఆ సున్నా సంగతి. మీరు టెక్స్ట్ ఫార్ములాను డబ్బు కాలమ్‌లోనే పెట్టేశారు. అది ఇచ్చేది సంఖ్య కాదు, అంకెల్లా కనిపించే అక్షరాలు. సమ్ ఫంక్షన్ అలాంటి సెల్స్‌ను లెక్కలోకి తీసుకోకుండా దాటేస్తుంది. తమాషా ఏమిటంటే ఇ2+ఇ3 అని ప్లస్‌తో కూడితే జవాబు సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే అప్పుడు ఎక్సెల్ ఆ అక్షరాలను మళ్లీ సంఖ్యలుగా మార్చుకుంటుంది. ముందు 'రూ.' కూడా అంటించి ఉంటే అదీ కుదరదు, #వ్యాల్యూ! అని మొరాయిస్తుంది. ఒకచోట పని చేసి ఇంకోచోట చేయకపోవడం వల్లే ఇది తొందరగా దొరకదు. అనుమానం వస్తే =ఈజ్‌నంబర్(ఇ2) అని అడగండి. ఫాల్స్ అంటే అక్కడున్నది అక్షరాలే. డబ్బు కాలమ్‌లో రౌండ్ వరకే ఉంచితే సమ్ మామూలుగా పనిచేస్తుంది.

బాడుగలోనూ ఒక మెలిక ఉంది. ఒక్కొక్కరి వంతు 3,333.33 చేస్తే మూడూ కలిపి 9,999.99 అవుతుంది. మూడో రైతు వంతును భాగహారంతో తీయకుండా, 10,000 లోంచి మొదటి ఇద్దరి వంతులు తీసేసి రాయండి, 3,333.34 వస్తుంది. పైసా కోసం లారీ ఓనరు గొడవకు రాడు గానీ, పద్దు కలవకపోతే ఆ టెన్షన్ మీదే.

సెట్టింగుల్లో 'సెట్ ప్రెసిషన్ యాజ్ డిస్‌ప్లేడ్' అని ఒకటుంది, దాన్ని టిక్ చేస్తే చాలని ఎవరైనా చెప్పొచ్చు. నేనైతే వద్దంటాను. అది ఫైల్ మొత్తానికీ వర్తిస్తుంది, పోయిన అంకెలు మళ్లీ రావు. కమీషన్ 1.25 శాతం ఉన్న సెల్ ఫార్మాట్ వల్ల 1 శాతంగా కనబడుతోందనుకోండి, ఆ టిక్‌తో అది నిజంగానే 1 శాతం అయిపోతుంది.

ప్రశ్న: ప్రొద్దుటూరులో చిన్న నగల షాపు మాది. 24,875.50 రూపాయల వస్తువుకు 3 శాతం జీఎస్టీ ఒకేసారి వేస్తే 746.27, సగం సగం వేస్తే 746.26. ఏది రాయాలి?

జవాబు: బిల్లులో కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ రెండు వరుసలుగా ఉంటాయి కాబట్టి రెండో పద్ధతే పట్టుకోండి. 1.5 శాతం అంటే 373.1325. దాన్ని రౌండ్ చేస్తే 373.13, రెండూ కలిపి 746.26. కస్టమర్ వేళ్ల మీద కూడుకున్నా అదే వస్తుంది. మొత్తం 25,621.76, ఇది ఎఫ్9 సెల్‌లో ఉందనుకుందాం. దీన్ని రూపాయిల్లోకి తేవడానికి 'రౌండాఫ్' అని ఒక వరుస పెట్టి =రౌండ్(ఎఫ్9,0)-ఎఫ్9 అని రాస్తే 0.24 వస్తుంది. బిల్లు 25,622.

సీజీఎస్టీ చట్టం 170వ సెక్షన్ కూడా కట్టాల్సిన పన్నును దగ్గరి రూపాయికి సవరించమనే చెబుతుంది. 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయి పెంచాలి, అంతకు తగ్గితే వదిలేయాలి. షీట్‌లోని రౌండ్ చేసేదీ ఇదే. మ్యాక్రోలు రాసేవాళ్లు మాత్రం జాగ్రత్త. మ్యాక్రోలు రాసే భాష వీబీఏలోని రౌండ్ సరిగ్గా సగం వచ్చినప్పుడు సరి అంకె వైపు మొగ్గుతుంది. 2.5 ఇస్తే షీట్ 3 అంటుంది, వీబీఏ 2 అంటుంది.

ప్రశ్న: అనంతపురంలో చీనీ వ్యాపారం. 12,45,600 అని రావాల్సింది 1,245,600 అని వస్తోంది. లక్షల కామాలు ఎలా? రూపాయి గుర్తు ఎక్కడ?

జవాబు: విండోస్ రీజియన్ సెట్టింగుల్లో అంకెల గ్రూపింగ్‌ను మన పద్ధతికి మార్చొచ్చు. కానీ అది మీ కంప్యూటర్ వరకే. ఫైల్ ఇంకొకరికి పంపితే వాళ్ల సెట్టింగే చెల్లుతుంది. అందుకని ఫార్మాట్ సెల్స్‌లో కస్టమ్‌కు వెళ్లి ఇది పెట్టండి:

[>=10000000]##\,##\,##\,##0.00;[>=100000]##\,##\,##0.00;##,##0.00

టెక్స్ట్ ఫంక్షన్‌లోనూ కోట్స్ మధ్య ఇదే రాయొచ్చు. అయితే ముందు రౌండ్ తప్పనిసరి. లోపల 99,999.996 ఉంటే అది లక్షలోపే కదా, మూడో భాగంలోకి (రెండో సెమీకోలన్ తర్వాతది) పోయి 100,000.00 అని పాత కామాతోనే వస్తుంది. మైనస్ సంఖ్యలకూ మూడో భాగమే పడుతుంది, కాబట్టి బాకీలను మైనస్‌తో చూపకుండా వేరే కాలమ్‌లో ప్లస్‌గా రాసుకోవడం సులువు.

₹ గుర్తుకు కీబోర్డ్ లేఅవుట్‌ను 'ఇంగ్లీష్ ఇండియా' చేసుకుని, కుడివైపు ఆల్ట్ పట్టుకుని 4 నొక్కండి. ఇది 2010లో వచ్చిన గుర్తు. అంతకు ముందు నాటి ఫాంట్లలో ఖాళీ డబ్బాలా పడొచ్చు, కాబట్టి బిల్లు ప్రింటర్ పాతదైతే 'రూ.' అనే రాసుకోండి.