స్నేహితుల జంటలతో కలిసి ద్వీపానికి సెలవులకు పోవచ్చా?

ప్రశ్న అడిగినామె సింగపూర్‌లో ఉంటారంట, పెళ్ళై రెండేళ్ళంట. ఇంకో రెండు తెలుగు జంటలతో కలిసి ఏదైనా దీవికి పోదామని వాళ్ళాయన పట్టుబడుతున్నారు. పోవచ్చా, ఖర్చులు ఎట్లా పంచుకోవాలి అని అడిగినారు.

పోండి. కానీ ఖర్చుల కన్నా ముందు నీళ్ళ సంగతి తేల్చుకోండి. ఎవరికి ఈత వచ్చు, ఎవరికి రాదు, రానివాళ్ళను చూసి ఎవరు పళ్ళికిలిస్తారు. ఈ మూడూ తెలియకుండా పడవెక్కితే నా మాదిరే అవుతుంది.

మాది కర్నూలు. మా ఆయనది అనంతపురం జిల్లా, ఉరవకొండ పక్క పల్లె. ఆరేళ్ళు సింగపూర్‌లో ఉండి పోయినేడే కర్నూలుకు తిరిగొచ్చేసినాం. 2024 ఫిబ్రవరిలో, చైనీస్ కొత్త సంవత్సరం సెలవులకు, మూడు జంటలం మలేషియాలోని లంకావి పోయినాం. సింగపూర్ నుంచి విమానంలో గంటన్నర. ఒక జంట కోనసీమ వాళ్ళు, ఇంకో జంట హైదరాబాద్ వాళ్ళు. హైదరాబాద్ వాళ్ళ గురించి చెప్పడానికేం లేదు, మూడు రోజులూ ఫొటోలు దిగుతూనే ఉన్నారు.

లంకావి 1987 నుంచి సుంకాలు లేని దీవి. ఆ మాట వింటే మగవాళ్ళకు ముందేం గుర్తొస్తుందో మీకు తెలుసు. దిగిన రోజే బీరు పెట్టెలు రెండు వచ్చినాయి, ఖర్చులు పంచుకునే యాప్‌లో ఆరుగురికీ సమానంగా పడినాయి. నేను తాగింది కొబ్బరినీళ్ళు. మా ఆయన కూడా ముట్టడు, అయినా "పోనీలేబ్బా, ఎంతైతుంది" అన్నాడు. ఆయన సంసారమంతా ఆ "పోనీలేబ్బా" మీదనే నడుస్తుంది.

రెండో రోజు పడవ. అక్కడ అందరూ ఎక్కే పడవే అది. దయాంగ్ బుంటింగ్ దీవిలో మంచినీళ్ళ చెరువు, ఆ తర్వాత గద్దలను చూపించే చోటు, చివరికి ఇంకో దీవిలో ఇసుక ఒడ్డు. దయాంగ్ బుంటింగ్‌లో దిగీదిగంగానే కోతులు. మన అహోబిలం కోతులే నయం, బెదిరిస్తే వెనక్కి పోతాయి. ఇవి జిప్పు తీస్తాయి. నేను రెండు రోజులు కూర్చుని చేసిన నిప్పట్ల డబ్బా ఎత్తుకుపోయి చెట్టు మీద కూర్చుని తిన్నాయి. "పోన్లే, చెక్కలేగా" అన్నాడు కోనసీమ అన్న. చెక్కలు కాదు, నిప్పట్లు. వాటిల్లో మా అమ్మ పంపిన శెనక్కాయలు ఉన్నాయి.

చెరువు దగ్గరికి నడిచిపోవాలి. చుట్టూ కొండలు, మధ్యలో పచ్చని నీళ్ళు, ఒక పక్క సన్నని గట్టు, దాని అవతల సముద్రం. ఆ కొండల వరస గర్భిణి వెల్లకిలా పడుకున్నట్టు కనపడుతుందని ఆ పేరు పెట్టినారంట. ఒక రాకుమారి చనిపోయిన తన బిడ్డను ఆ చెరువులో వదిలి, పిల్లల్లేని ఆడవాళ్ళకు ఈ నీళ్ళు ఫలించాలని దీవించిందని కథ చెప్తారు. పడవతను ఆ కథ చెప్పంగానే అందరూ నా వైపు తిరిగినారు. మాకు అప్పటికి పెళ్ళై మూడేళ్ళు. మా అత్త ఫోన్‌లో అడిగే మాట లంకావి దాకా వస్తుందని నేను అనుకోలేదు.

నీళ్ళ మీద తేలే చెక్క వేదిక ఒకటుంది, అక్కడే లైఫ్ జాకెట్లు అద్దెకిస్తారు. అందరూ తొడుక్కుని దూకుతున్నారు. నేను మధ్యలో నిలబడినా, అంచు దగ్గరికి కూడా పోలేదు. అప్పుడు కోనసీమ అన్న నీళ్ళలోంచి అరిచినాడు: "ఏంటి చెల్లెమ్మా, అంత భయమా! అయినా మీ సీమలో బక్కెట్లో తప్ప నీళ్ళు ఎక్కడ చూసుంటారులే!"

అందరూ నవ్వినారు. మా ఆయన కూడా.

సీమ వాళ్ళకు నీళ్ళు తెలీవనే మాట నాకు పడదు. అనంతపురానికైతే కొంత ఒప్పుకుంటా. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి వాన అనుకునే జిల్లా అది. మా మామ చిన్నప్పుడు మునగబెండ్లు కట్టుకుని ఊరి బావిలో ఈత నేర్చుకున్నాడు, మా ఆయన ఎదిగేసరికి బావి ఎండింది. కర్నూలు అట్లా కాదు. తుంగభద్ర, హంద్రీ రెండూ మా ఊర్లోనే కలుస్తాయి.

2009 అక్టోబరు 2, గాంధీ జయంతి. నేను తొమ్మిదో తరగతి. మా ఇల్లు పాతబస్తీలో, నదికి దగ్గర. ఆ ఏడు ఆగస్టు దాకా వానల్లేక కరువు కరువు అని పేపర్లు రాసినాయి, సెప్టెంబరు చివర్లో పట్టుకుంది. మా నాయన వీధి చివరిదాకా పోయి చూసొచ్చి "ఏం కాదులే" అన్నాడు. కాసేపటికే వంటింట్లో గ్యాస్ సిలిండర్ తేలింది. పక్కింటి మిద్దె ఎక్కినాం. మూడిళ్ళ వాళ్ళం, ఇరవై మందిమి, రెండు రాత్రులు. కరెంటు లేదు. నీళ్ళు ఎంత దాకా వచ్చినాయో చీకట్లో కనపడదు, వాసన మాత్రం పైకొస్తుంటుంది. డీజిల్, పేడ, బురద కలిసిన వాసన. మా నాయన టార్చి వేసి మెట్లు లెక్కపెట్టేవాడు. పదకొండు మిగిలినాయి, తొమ్మిది మిగిలినాయి, ఏడు. ఏడు దగ్గర ఆగినాయి. హెలికాప్టర్ అన్నం పొట్లాలు వేస్తే మా వంతువి నీళ్ళలో పడినాయి. ఆ వరదలో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైన వచ్చిందని తర్వాత చదివినా. నాకు మాత్రం మెట్ల లెక్కే గుర్తుంది. మా ముందుగది గోడకు ఎత్తున ఒక మరక. మూడుసార్లు సున్నం కొట్టించినాం, వానాకాలం రాంగానే మళ్ళీ పైకి తేలుతుంది.

ఇదంతా ఆ చెక్క వేదిక మీద నిలబడి ఆ అన్నకు చెప్పినానా అంటే, లేదు. గొంతు పెగల్లేదు.

ఇంతలో మా ఆయన దూకేసినాడు. జాకెట్ కింది పట్టీ పెట్టుకోలేదు. అది చెవుల దాకా లేచి, లోపల మనిషి, పైన జాకెట్, సొరకాయ బుర్ర తేలినట్టు గిర్రున ఒకే చోట తిరుగుతున్నాడు. తాడేసి లాగాల్సొచ్చింది. మెట్టు పట్టుకుని, దగ్గు తగ్గినాక, మొదట అన్నమాట ఏంటో తెలుసా? "ఉప్పు లేదు! సముద్రం పక్కనే ఇన్ని మంచినీళ్ళు! ఇది మా ఊర్లో ఉంటే ఎన్ని ఎకరాల శెనక్కాయ తడిసుండునో." నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చినాయి. మా ఇంటిని ముంచింది తుంగభద్ర, ఆయన పల్లెకు హెచ్చెల్సీ, అంటే తుంగభద్ర ఎగువ కాలువలో కొసరి కొసరి వచ్చేదీ ఆ తుంగభద్ర నీళ్ళే. ఒకే నదిని ఆయన ఒక రకంగా చూసినాడు, నేను ఇంకో రకంగా చూసినా. ఎందుకు దూకినావంటే "సీమ పరువు" అన్నాడు.

ఇంకో సంగతి నా వాదనకే అడ్డం పడుతుంది గానీ చెప్పేస్తా. నేనొక్కదాన్నే దిగలేదనుకున్నా. పక్కన చూస్తే కోనసీమ వదిన కూడా పొడి బట్టలతో కూర్చునుంది. "నేనూ దిగనమ్మా," అంది మెల్లగా. "కాలవైతే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదేసేదాన్ని. తొంభై ఆరు తుపానుకి నాకు ఆరేళ్ళు. తెల్లారి తలుపు తీస్తే మా తోటలో కొబ్బరిచెట్లకి తలకాయల్లేవు. ఆయనకి చెప్తే నవ్వుతారని చెప్పను." ఆ 1996 నవంబరు తుపాను గురించి నేను అంతకుముందు పాఠం మాదిరి చదవడమే. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. తర్వాత ఆమే నెమ్మదిగా ఇంకోటి చెప్పింది. వాళ్ళాయన పుట్టింది కోనసీమే గానీ ఆరో తరగతి నుంచి పెరిగిందంతా కూకట్‌పల్లిలోనంట. ఆ గోదావరి గొప్పలన్నీ సంక్రాంతి సెలవుల్లో సంపాదించినవి!

గద్దల గురించి కూడా ఒక మాట. పడవ ఆపి, పడవతను కోడి చర్మం ముక్కలు నీళ్ళలోకి విసిరినాడు. పదుల కొద్దీ వచ్చినాయి, ఇటుకరంగు ఒళ్ళు, తెల్లని తల. మనం గరుడపక్షి అంటామే, అదే. గరుడుడు తపస్సు చేసిన కొండ అహోబిలం అని చిన్నప్పటి నుంచి విని పెరిగినదాన్ని, నాకు తెలియకుండానే చేతులు జోడించినా. ఆ స్వామి చూస్తే కోడి చర్మం చీల్చుకుని తింటున్నాడు. వేటాడుకునే పక్షికి ఇట్లా అలవాటు చేయడం ఏం పద్ధతి? పడవ మాట్లాడుకునేటప్పుడే మేత వేయొద్దని చెప్పండి.

సింగపూర్ తిరిగిపోయినాక మా ఇంటి దగ్గర కొలనులో ఈత క్లాసుకు చేరినా. నా పక్కన ఏడేళ్ళ పిల్లలు. రెండు నెలలకు వెల్లకిలా తేలడం వచ్చింది, ఇరవై లెక్కపెట్టేదాకా. మా ఆయన ఇప్పటికీ గట్టు మీద కూర్చుని టవలు పట్టుకునే ఉద్యోగమే. మీరు సింగపూర్‌లోనే ఉన్నారు కాబట్టి దీవికి టికెట్లు కొనే ముందే క్లాసుకు చేరండి. ఇద్దరూ చేరండి.

ఖర్చులు కదా అడిగినారు, మరిచేపోయినా. గది, పడవ, కారు సమానంగా పంచుకోండి, బీరుకు వేరే ఖాతా తెరవండి. తిరిగొచ్చే రోజు విమానాశ్రయంలోనే, ఇంకా అందరూ నవ్వుతూ ఉన్నప్పుడే, పైసలు తేల్చేయండి. కోనసీమ అన్న నుంచి మాకు 18 రింగిట్లు రావాలని ఆ యాప్ ఇప్పటికీ చూపిస్తూనే ఉంది.