అప్పు చేయకుండానే వైద్యం ఉంది తల్లీ

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. చెన్నైలో పని మానేసి వచ్చాక మా ఆయన నాలుగు నెలలుగా సరిగ్గా నిద్రపోవడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. ప్రైవేటులో రెండుసార్లు చూపించేసరికి చేతిలో డబ్బులైపోయాయి. అత్తయ్య భూతవైద్యుడి దగ్గరకు వెళ్దామంటోంది. ఏం చేయాలి?

జవాబు: తల్లీ, మా తమ్ముడికీ ఇలాగే వచ్చింది. ఏడాదిపాటు తాయెత్తులు కట్టించాం. ఆ ఏడాది పోయిందన్న బాధ నాకిప్పటికీ ఉంది.

ఈ రోజే 14416కి ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్, మనసు బాగోలేనివాళ్లకు ఫోన్‌లో సాయం చేసే సేవ. అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడతారు, ఉచితం. మీ టెన్షన్ కూడా చెప్పుకోండి.

తర్వాత శ్రీకాకుళంలో రిమ్స్ అనే ప్రభుత్వ ఆసుపత్రికి పొద్దున్నే వెళ్లి, ఓపీ దగ్గర మానసిక వైద్యానికని చెప్పండి. పాత చీటీలు, మాత్రల అట్టలు పట్టుకెళ్లండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పేదలకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ వైద్యం ఉచితం. అడగడం మీ హక్కు. పెద్ద వైద్యం కావాలంటే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

అత్తయ్యతో గొడవపడకండి, ఆవిడదీ భయమే. ఆవిణ్ణీ వెంట తీసుకెళ్లండి. మాత్రల గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, మధ్యలో మానేయనివ్వకండి. చనిపోవాలని ఉందని ఆయన ఎప్పుడైనా అంటే ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేసి, వెంటనే 108కి ఫోన్ చేయండి.