షార్లెట్ ఎంచుకున్న గది

అమ్మాయ్,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన కథ రెండూ చదివాను. జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ పదో అధ్యాయం దాటలేకపోయానన్నావు. ఎంతసేపూ పెళ్ళిళ్ళ గోలే, ఈ రోజుల్లో ఇదెవరికి కావాలని అడిగావు. గోల పెళ్ళిళ్ళదే, కాదనను. కానీ నువ్వు సినిమాలో చూసిన హీరో డార్సీని వెతుక్కుంటూ చదివినట్టున్నావు. ఈసారి డబ్బు సంగతులు వెతుకుతూ చదువు.

జేన్ ఆస్టిన్ ఎవరి రాబడి ఎంతో దాచదు. డార్సీ డాన్సు జరిగే చోట అడుగుపెట్టిన అయిదు నిమిషాల్లో ఏడాదికి 10,000 పౌండ్లన్న వార్త హాలంతా పాకుతుంది. హీరోయిన్ ఎలిజబెత్ తండ్రి బెనెట్ గారికి వచ్చేది 2,000. ఆయనకు అయిదుగురూ ఆడపిల్లలే. ఆయన పోతే ఎస్టేటు దూరపు బంధువు కాలిన్స్ అనే పాదిరీ పాలవుతుంది. ఆ కాలిన్స్ ఎలిజబెత్‌ని పెళ్ళికి అడుగుతూ, నీకొచ్చేది నాలుగు శాతం వడ్డీ మీదున్న వెయ్యి పౌండ్లే, అదీ మీ అమ్మ పోయాకే అని గుర్తు చేస్తాడు. అంటే ఏడాదికి 40 పౌండ్లు. ఇది తెలిశాక కూతుళ్ళ పెళ్ళిళ్ళ కోసం ఆ తల్లి పడే హడావిడి చూస్తే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

ఇక రాసేవాళ్ళు చూసుకోవాల్సింది చెప్తాను. కాలిన్స్ మూడు రోజుల్లో ఇద్దరిని అడుగుతాడు. ఎలిజబెత్‌ని అడగడానికి 19వ అధ్యాయం మొత్తం పడుతుంది. ఆమె కాదంటూనే ఉంటుంది, ఆయన వినడు. తర్వాత ఆమె స్నేహితురాలు షార్లెట్. వయసు 27, అందగత్తె కాదు, కట్నంగా వచ్చేదీ పెద్దగా లేదు. అక్కడ సంభాషణే లేదు. ఆయన ఉపన్యాసాలు సాగినంతసేపు పట్టింది, అంతా ఖాయమైపోయిందని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది రచయిత్రి. ఇంట్లో తెలియగానే షార్లెట్ తల్లి, బెనెట్ గారు ఇంకా ఎన్నేళ్ళు బతుకుతారో లెక్కలు కడుతుంది. తమ్ముళ్ళకేమో అక్క పెళ్ళి కాకుండా ఉండిపోతుందన్న బెంగ తీరుతుంది. షార్లెట్ ముందే తేల్చుకుంది కాబట్టి ఆ ఘట్టంలో మాటలకు పని లేదు.

పెళ్ళయ్యాక కెంట్‌లో ఉన్న వాళ్ళింటికి ఎలిజబెత్ వెళ్తుంది. అక్కడి గదుల సంగతి 30వ అధ్యాయంలో వస్తుంది. ఆడవాళ్ళు కూర్చునే గది ఇంటి వెనకవైపు ఉంటుంది. భోజనాల గది ఇంకా పెద్దది, చూడ్డానికీ బాగుంటుంది. షార్లెట్ దాన్నెందుకు వాడుకోదా అని ఎలిజబెత్ మొదట ఆశ్చర్యపోతుంది. కాలిన్స్ గది రోడ్డువైపు. వీళ్ళూ అంత బాగున్న గదిలో కూర్చుంటే ఆయన తన గదిలో ఉంటాడా? ఆ సంసారం గురించి ఇంకేం చెప్పాలి! షార్లెట్ ఒక్క కన్నీటి బొట్టు కార్చదు.

1802లో ఆస్టిన్ కూడా ఒక ఆస్తిపరుడి సంబంధానికి సాయంత్రం ఒప్పుకుని, తెల్లారాక కాదంది. 1813లో ఈ నవల అచ్చయినప్పుడు లోపల ఆమె పేరు లేదు. కాపీరైటుకు 150 పౌండ్లు అడిగితే చేతికొచ్చింది 110. షార్లెట్ మీద ఆమె రాళ్ళు వేయకపోవడానికి డబ్బు విలువ తెలియడమూ ఓ కారణమేమోనని నాకనిపిస్తుంది.

నీ కథలో తల్లి రెండు పేజీలు ఏడ్చింది. ఆ ఏడుపు ఎంత లోతైనదో నువ్వు మరో పేజీ చెప్పావు. ఇంటి అద్దె ఎంతో, కూతురి పెళ్ళికి అప్పు ఎవరిస్తారో మాత్రం ఎక్కడా రాలేదు.

వాక్యాలు పొడుగ్గా ఉన్నాయని టెన్షన్ పడకు. పైకి చదువు, వెటకారం చెవికి ముందు తెలుస్తుంది. మొదటినుంచే చదవాలని రూలేం లేదు, 19, 22, 30 అధ్యాయాలతో మొదలుపెట్టు. అవి అయ్యాక నీ కథ తిరగరాసి పంపు. ఆ తల్లి చేతిలో ఎంత డబ్బుందో ఈసారి నాకు తెలియాలి.